తేజ ఎరుపు కోసం ఒక పేజీ

ఫిబ్రవరి 8, శనివారం

నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 31 ఏళ్లు గుమస్తాగా చేశాడు. మానేసి నాలుగేళ్లయింది. మొన్న సంక్రాంతికి పాత బీరువా సర్దుతుంటే ప్లాస్టిక్ కవరొకటి బయటపడింది. అందులో కాటా చీటీల కట్ట, అట్ట ఊడిపోయిన జేబు పుస్తకం, ఒక ఇనప కొక్కెం ఉన్నాయి. హమాలీలు బస్తా లాగేటప్పుడు గుచ్చే కొక్కెం అది. ఆ పని చేసే పెద్దాయన ఒకరు ఊరికెళ్లిపోతూ ఇచ్చాడట.

"ఇవన్నీ ఎందుకు దాచావు నాన్నా?"

"పారెయ్యబుద్ధి కాలేదు."

అంతకు మించి చెప్పడు. సరే, నా జర్నల్లో ఒక పేజీ ఆయనకి అనుకున్నాను. రెండేళ్లుగా ఈ పుస్తకం నింపుతున్నాను. కాగితాలు అంటిస్తాను, రంగు వేస్తాను, దారం కుడతాను, ఏది దొరికితే అది. ఇప్పటిదాకా చేసినవన్నీ పూలూ కిటికీలే. ఈసారి మిర్చి యార్డు, అదీ నిజం మిరపకాయతోనే. ఎర్ర రంగు ట్యూబులోంచి తీయకుండా కాయలోంచే తీయాలని పంతం పట్టాను. ఆ పంతం ఎంత ఖరీదో అప్పటికి తెలీదు.

ఈ రోజు పని చిన్నదే. 300 జీఎస్ఎం మందపాటి కాగితం, ఏ4 సైజు. దానిమీద జెస్సో రెండు పూతలు, ఒకటి అడ్డంగా, అది ఆరాక ఇంకొకటి నిలువుగా. జెస్సో అంటే మరేం కాదు, గోడకి సున్నం కొట్టినట్టు కాగితానికి వేసే తెల్లటి పునాది. దాంట్లో సుద్దలాంటి తెల్లపొడి, అక్రిలిక్ జిగురు ఉంటాయి. ఆ గరుకుకి రంగు పట్టుకుంటుంది, జిగురు తడి కాగితంలోకి ఇంకదు. డబ్బా అడుగంటితే సుద్దపొడి, ఫెవికాల్, తెల్ల అక్రిలిక్ రంగు కలిపి నేనే చేసుకుంటాను. కాకపోతే మందంగా పూస్తే ఎండిన చెరువు నేలలా పగులుతుంది, పల్చగా మూడుసార్లు వెయ్యాలి. ఒకవైపే పూస్తే కాగితం అప్పడంలా ముడుచుకుంటుంది కాబట్టి వెనకవైపు కూడా ఒక పూత.

ఫిబ్రవరి 10, సోమవారం

శని ఆదివారాలు యార్డుకి సెలవు. ఈ పొద్దున్నే నాన్నని స్కూటీ మీద ఎక్కించుకుని వెళ్లాను. చుట్టుగుంట దాటేసరికే ముక్కు పని మొదలుపెట్టింది. లోపలికి వెళ్లాక ఏడు తుమ్ములు లెక్కపెట్టుకున్నాను. నాన్నకి ఒక్కటీ రాలేదు.

సీజను మొదలైంది కదా, ఎటు చూసినా టిక్కీలే. మామూలుగా బస్తా అంటాం, ఇక్కడ టిక్కీ. ఒక్కోటి 40 కిలోల పైచిలుకు తూగుతుంది. వరసల మధ్య నడవడానికి జానెడు దారి. మూతి విప్పిన గోతాల్లోంచి కాయలు బయటికి ఒలికి, నేలంతా ఎర్రగా, ఆ ఎరుపు మీద తొడిమల ఆకుపచ్చ పొట్టు.

నాన్న ఒక గోతం దగ్గర వంగాడు. పైనున్న కాయలు పట్టించుకోలేదు. మోచెయ్యిదాకా లోపలికి పెట్టి గుప్పెడు తీశాడు. ఒక కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. గింజలు గలగలమన్నాయి. "ఎండింది," అన్నాడు. తర్వాత కాయని నడిమికి విరిచి, లోపలివైపు రంగు చూశాడు, అదీ ఎండలో కాదు, తన నీడ పడేట్టు వెనక్కి తిరిగి. "ఎండలో చూస్తే అన్నీ బాగానే ఉంటయ్," అన్నాడు. రంగుల గురించి నేను చదివిందంతా ఆ ఒక్క మాటతో చిన్నబోయింది. నేనేమో మేడమీద మిట్టమధ్యాహ్నం ఎండలో రంగులు కలుపుకుంటూ ఉంటాను, రాత్రి ట్యూబులైటు కింద చూసి "ఇదేంటి ఇలా ఉంది" అని ఏడుస్తాను.

నాలుగు రకాలు తెచ్చుకున్నాం, రకానికి గుప్పెడు. తేజ సన్నగా, చిన్నగా, కారానికి పెట్టింది పేరు. 334 అంటే మన సన్నం. బ్యాడిగి పుట్టింది కర్ణాటకలో, ముడతలు పడి ముసలావిడ చెయ్యిలా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. నాలుగోది తాలు. తెల్లమచ్చలు పడి, పసుపు తిరిగి, ఎరుపు పోయిన కాయ. ఏ రకంలోనైనా ఏరి పక్కన పోసేది, తక్కువ రేటుకి పోయేది అదే.

"తాలెందుకు?" అన్నాడు నాన్న. నాకూ తెలీదు, ఆ వెలిసిన రంగు బాగుందనిపించింది.

వస్తూ వస్తూ పట్నం బజార్లో ఆగి ఒక ఖాళీ గోనెసంచి కొన్నాను. ఒక్కటే కొంటానంటే కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు.

ఫిబ్రవరి 11

కాటా చీటీలు అంటించే పని, అందులో మొదటి దెబ్బ. ఒక చీటీని మూలగా చింపి (కత్తెరతో కోస్తే అంచు మరీ నీటుగా వస్తుంది, చింపితే తెల్లటి నూగు కనిపిస్తుంది) ఫెవికాల్లో సగం నీళ్లు కలిపి, కింద ఒక పూత, పైన ఒక పూత వేశాను. బాల్‌పెన్ను రాత కదల్లేదు. కార్బన్ పేపరు రాత కూడా కదల్లేదు, అది మైనంతో పట్టిన నల్లదనం కదా. కానీ కొట్టు రబ్బరు స్టాంపు వంకాయరంగు సిరా మాత్రం నీళ్లు తగలగానే పారిపోయింది. చూస్తుండగానే పేజీ పైభాగమంతా ఊదారంగు. మీద జెస్సో పూస్తే, ఆరేలోపు అందులోంచి కూడా పైకి ఊరింది.

అప్పటికే అంటించిన ఆ ఒక్క చీటీని అలాగే వదిలేశాను. మిగతావి బ్రాడీపేటలో జిరాక్సు తీయించుకొచ్చి అవే వాడాను. లేజరు జిరాక్సు నలుపు వేడికి కరిగి కాగితానికి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి, నీళ్లకి చలించదు. అసలు చీటీలు మళ్లీ కవర్లోకి, కవరు బీరువాలోకి. ఈ బుద్ధి ముందే ఉండాల్సింది. చీటీల మీద రైతుల పేర్లు, ఊళ్ల పేర్లు ఉన్నాయి, వాటిమీద జెస్సో చుక్కలు పెట్టి కప్పేశాను. అంకెలు మాత్రం ఉంచాను.

ఫిబ్రవరి 15, 16

కాయలోంచి రంగు. రెండు రోజులూ దీనికే.

ముందు తొడిమలు తీసి, గింజలు దులిపేశాను. గింజ పసుపు రంగుది, కలిస్తే ఎరుపు పలచబడుతుంది. అమ్మ మిక్సీ అడిగితే ఇవ్వలేదు. "నీ బొమ్మలకి నా మిక్సీ ఏంటే?" అంది. చిన్న రోట్లో దంచి, పల్చటి గుడ్డలో జల్లించాను. ముక్కుకి గుడ్డ, కళ్లకి మావాడి ఈత కళ్లద్దాలు. చేతులకి ముందే కొబ్బరినూనె. మిరపకాయ కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది, అందుకే నూనె రాసుకుని పని చేసి, తర్వాత సబ్బుతో కడిగితే మంట పోతుంది. అమ్మ చిన్నప్పటినుంచీ చెప్పే మాటే, వెనక ఇంత సంగతి ఉందని ఈమధ్యే తెలిసింది.

రంగుదీ అదే కథ. మిరప ఎరుపుకి ముఖ్యమైన పదార్థం పేరు క్యాప్సాంథిన్. క్యారెట్‌లో రంగు ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమే, నీళ్లతో దానికి పొత్తు కుదరదు. ఇది తెలిసి కూడా ముందు నీళ్లే కలిపాను, అదో ఆశ. పసుపునీళ్లలాంటి మరక వచ్చింది. పొడి మాత్రం అడుక్కి దిగి, ఆరాక ఊదితే ఎగిరిపోయింది.

రెండోది నూనె. పొడిని గోరువెచ్చటి నూనెలో రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే ఆ రంగు! ఆవకాయ జాడీలో పైకి తేలే నూనె గుర్తుందా, అచ్చం అదే. ఆనందంగా కుంచెతో ఒక గీత గీశాను. మధ్యాహ్నానికి గీత చుట్టూ బజ్జీల పొట్లానికి పట్టినట్టు నూనె వలయం. కింద ఉన్న మూడు కాగితాలకీ పట్టింది. దానిమీద అక్రిలిక్ వేస్తే తామరాకు మీద నీళ్లలా జారిపోయింది. అసలు పేజీ మీద కాకుండా వేరే ముక్క మీద చేసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

మూడోది, పేజీ కింది భాగంలో ఫెవికాల్ పూసి తడిగా ఉండగానే పొడి చల్లడం. ముగ్గు చల్లినట్టు చల్లాను, బాగా పట్టింది, గరుగ్గా యార్డు నేలలాగే ఉంది. అంతా బానే ఉంది కానీ త్వరగా ఆరాలని హెయిర్ డ్రయ్యర్ పెట్టాను.

ఏం జరిగిందో చెప్పక్కర్లేదనుకుంటా. పట్టని పొడంతా ఒక్కసారిగా లేచింది. నేను దగ్గుతూ తలుపు తీశాను, అది హాల్లోకి వెళ్లింది. మావాడు ట్యూషన్ పుస్తకాలు పడేసి బాల్కనీలోకి పరిగెత్తాడు. అమ్మ వంటింట్లోంచి దగ్గుతూ తిట్టడం మొదలుపెట్టి, దగ్గు వల్ల తిట్టు పూర్తి చెయ్యలేక ఇంకా కోపం తెచ్చుకుంది. కింద వాటాలోవాళ్లు "ఏం మాడిందండీ?" అని కేకేశారు. నాన్న ఒక్కడే కుర్చీలోంచి లేవకుండా పేపరు మడిచి, "తేజ," అన్నాడు.

సాయంత్రానికి ఇల్లు సద్దుమణిగింది. పొడి చల్లిన పేజీని ఎత్తి నేల మీద తట్టి, వదులుగా ఉన్నదంతా రాల్చేసి, మీద మ్యాట్ మీడియం (ఆరాక మెరవని అక్రిలిక్ పూత) రెండు పూతలు వేసి మూసేశాను. గాలి ఆడకపోతే ఘాటు రాదు. మిర్చికి పట్టే చిన్న గోధుమరంగు పురుగు కూడా లోపలికి పోలేదని నా లెక్క. నిలవ ఉన్న ఎండుమిర్చి డబ్బాలో సన్నటి బెజ్జాలు చేసేది అదే. వదిలేస్తే నా పుస్తకం మొత్తం తినేస్తుంది.

నాలుగోది కుదిరింది. సర్జికల్ స్పిరిట్‌లో పొడి వేసి, సీసా బిగించి, పొయ్యికి దూరంగా మేడమీద గదిలో ఒక రాత్రి పెట్టాను. తేరిన ఎర్రటి ద్రవాన్ని సాసర్లో పోసి ఆరుబయట పెడితే స్పిరిట్ ఎగిరిపోయి, అడుగున చిటికెడు బంక మిగిలింది. ముదురు ఎరుపు, దాదాపు నలుపు. రంగు కోసం, మసాలాల కోసం మిరప సారం తీసే ఫ్యాక్టరీల్లో పద్ధతీ ఇంచుమించు ఇదే, వాళ్ల ద్రావకాలు వేరు, పరికరాలు వేరు. ఈ బంకకి నానబెట్టిన తుమ్మజిగురు నీళ్లు కలిపి, గాజుపలక మీద చెంచా వెనకభాగంతో పావుగంట నూరాను. తుమ్మజిగురుకి నూనెనీ నీటినీ కలిపి పట్టి ఉంచే గుణం ఉంది. పిల్లల వాటర్ కలర్ బిళ్లల్లో రంగుని పట్టి ఉంచేది కూడా ఈ జాతి జిగురే.

కుంచె ముంచి గీశాను. నారింజ కలిసిన ఎరుపు, పల్చగా, లోపలినుంచి వెలుగు వస్తున్నట్టు. వలయం లేదు. నాకు గంతెయ్యాలనిపించింది.

నాన్నకి చూపించాను. ఆయన కాగితాన్ని గోడ నీడలోకి తీసుకెళ్లి చూశాడు. "బాగుంది. ఎన్నాళ్లుంటది?"

ఫిబ్రవరి 17

ఎన్నాళ్లుంటుందో తేల్చాలంటే పరీక్ష పెట్టాల్సిందే. ఒక పొడుగు కాగితం ముక్క మీద నాలుగు పట్టీలు గీశాను: మిరప స్పిరిట్ రంగు, తాలు కాయల నుంచి అదే పద్ధతిలో తీసిన రంగు, వంటింటి పసుపు, చివర ట్యూబులోని అక్రిలిక్ ఎరుపు. సగభాగానికి అల్యూమినియం రేకు చుట్టి, పడమటి కిటికీ అద్దానికి అంటించాను. రెండు వారాలు దాని జోలికి పోకూడదు.

ఈలోపు గోనె పని. సంచి ముక్కని కోసి, దానిమీద ఎండిన ఆకురంగు, మట్టిరంగు అక్రిలిక్ రోలరుతో పల్చగా పూసి, పేజీ మీద బోర్లించి అప్పడాల కర్రతో నొక్కాను. నేత అచ్చు దిగింది. మొదటి అచ్చు మరీ తడిసి ముద్దయింది. రెండోది రంగు తగ్గాక వేస్తే ఒక్కో పోగూ లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. అదే సంచిలోంచి కోసిన ముక్కతో ఒక మనిషి ఆకారం చేశాను, వీపు మీద టిక్కీ, ముందుకి వంగిన నడుము. పోగులు ఊడిపోకుండా కోసే ముందే ఫెవికాల్ పట్టించి ఆరబెట్టాను. ముఖం లేదు, అవసరం కూడా అనిపించలేదు.

పైభాగంలో ఆ స్టాంపు ఊదారంగు మరక ఇంకా అలాగే ఉంది. కప్పుదామనుకుంటూనే దానికింద నారింజ పూసి చూశాను. తెల్లారుజామున యార్డులోకి లారీలు వచ్చే వేళ ఆకాశం అయి కూర్చుంది. ఇంక దాన్ని ముట్టుకోను.

మార్చి 3

రేకు విప్పాను.

పసుపు పోయింది. ముందే తెలుసు, పసుపు ఎండకి ఆగదు. మిరప ఎరుపు రేకు కింద అలాగే ఉంది. ఎండ తగిలిన సగం తాలు కాయ రంగుకి వచ్చింది. తాలు పట్టీలో రెండు సగాలకీ తేడా కనిపెట్టడం కష్టం, పోవడానికి దాంట్లో ఏముంది గనక. అక్రిలిక్ మాత్రం చెక్కుచెదరలేదు.

చదివి తెలుసుకున్నంతలో కారణం ఇది: వెలుతురూ గాలిలోని ఆక్సిజనూ కలిసి ఆ రంగు అణువుని విరగ్గొడతాయి. విరిగిన ముక్కలకి రంగుండదు. గోనెలో ఆరునెలలున్న కాయ వెలిసిపోయేదీ ఇందుకే, గుంటూరు చుట్టూ ఇన్ని కోల్డ్ స్టోరేజీలు లేచిందీ ఇందుకే. నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది నాన్నకి ఎప్పుడో తెలుసు. ఆ రోజు "ఎన్నాళ్లుంటది" అని అడిగింది అందుకేనా అంటే, "మరి? నెలలో తాలయ్యే సరుక్కి రేటెవరు పెడతారు?" అన్నాడు.

రెండు రోజులు పేజీ ముట్టుకోలేదు. నిజం మిరపకాయతోనే చేస్తానని అందరికీ చెప్పుకున్నాను మరి.

మార్చి 8, శనివారం

పంతం సగం వదిలాను. పెద్ద ఎరుపు, అంటే పేజీలో మూడింట రెండు వంతులు, అక్రిలిక్‌తోనే. కానీ రంగు కుదిరిందని చెప్పేది నాన్న. బల్ల మీద నిజం కాయలు పెట్టుకుని, నీడలో కూర్చున్నాం.

క్రిమ్సన్ అనే ముదురు ఎరుపుకి కొంచెం నారింజ కలిపి మొదటిది చూపించాను. "ఇది బ్యాడిగి." క్రిమ్సన్ తగ్గించాను. "ఇది నీళ్లు కొట్టిన కాయ. మెరుస్తా ఉంది చూడు." మెరుపు అక్రిలిక్‌ది, మ్యాట్ మీడియం కలిపి చంపాను. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు చుక్క వేశాను. ఎక్కువైంది. "మాడగొట్టావు." మళ్లీ మొదలు. ఆరోసారి కాయ తీసి రంగు పక్కన పెట్టి, చాలాసేపు చూశాడు.

"తేజే. కానీ ఏసీ కాయ."

ఏసీ కాయంటే కోల్డ్ స్టోరేజీలో ఉండి వచ్చిన పాత కాయ. యార్డులో దానికి వేరే రేటు. కొత్త కాయకుండే ఆ తడి వెలుగు ఏ ట్యూబులోనూ లేదు, అదెలాగూ రాదు. "ఏసీ కాయైనా డీలక్సేనా, మేలు రకమేనా?" అంటే నవ్వాడు. అదే వేశాను.

అక్రిలిక్ ఆరాక పొడి పట్టించిన గరుకు భాగం దాంట్లో బాగా కలిసిపోయింది. తొడిమలు పదకొండు అంటించాను. గింజలు ఒక్కొక్కటీ పళ్లు కుట్టుకునే పుల్లతో జిగురు పెట్టి, హమాలీ కాళ్ల దగ్గర చల్లినట్టు అతికించాను. ఈ పనికి మావాడి సాయం తీసుకున్నాను, ఇరవై గింజలకి వాడికి విసుగొచ్చింది. కొక్కెం అతికించే బరువు కాదు. దానిమీద కాగితం పరిచి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకున్నాను, తుప్పు గుంటలతో సహా వచ్చింది.

మిగిలిన సగం పంతం: కుడివైపు కింద పాత చీటీ జిరాక్సుతో చిన్న కవరు మడిచి అతికించాను. లోపల అరచేతిలో సగం ఉండే కాగితం మీద ఆ మిరప రంగు ఉంది. మూత తీస్తేనే కనబడుతుంది. పుస్తకం మూసి ఉంటే చీకట్లోనే ఉంటుంది, బీరువాలో ఇంకా చీకటి. మావాడు దానికి కోల్డ్ స్టోరేజీ అని పేరు పెట్టాడు.

మార్చి 9, ఆదివారం

తాలు కాయలు మిగిలాయి. ఒక కాయని నిలువుగా చీల్చి, గింజలు తీసి, రెండు పుస్తకాల మధ్య రాత్రంతా నొక్కి ఉంచాను. ఆ పల్చటి తోలుని ఆకాశం మీద అతికించాను. వెలిసిన పసుపు, అంచున ఒక ఎర్ర చార. సూర్యుడు అనుకుంటే సూర్యుడు. నాన్న చూసి, "తాలుని నెత్తిన పెట్టావు," అన్నాడు కానీ తీసెయ్యమనలేదు.

చివరగా ఒక మూల తెల్లగా వదిలిపెట్టాను, ఆయన రాత కోసం. బాల్‌పెన్ను ఇచ్చి, కాటా చీటీ ఒకటి రాయమన్నాను. కళ్లజోడు తెచ్చుకున్నాడు. జెస్సో గరుకు మీద పెన్ను నడవదని గొణుగుతూనే, 31 ఏళ్లు రాసిన ఆ వాలు అక్షరాలతో వరసగా రాసుకుంటూ పోయాడు. రకం: తేజ, ఏసీ. టిక్కీలు: 1. తూకం: 42 కిలోలు. రేటు అన్న చోట గీత గీసి, పెన్ను మూత పెట్టేశాడు.

"రేటు రాయవా?"

"వేలంపాట కాకుండా రేటెట్లా రాస్తారమ్మాయ్?" అని లేచి టీకి వెళ్లాడు.